శరత్కాలం పండగలకి ఆసియాలో ఎటు వెళ్ళాలి? అమ్మతో మొదటి విదేశీ ప్రయాణం

వెన్నెల_బాట (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఈ ఏడాది, అంటే 2026లో, సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు ఆఖరులోపు ఎప్పుడైనా ఎనిమిది రోజులు సెలవు పెట్టుకోవచ్చని ఆఫీసులో చెప్పారు. అమ్మని తీసుకుని వెళ్ళాలని ఉంది. అమ్మకి 63 ఏళ్ళు, పాస్‌పోర్టు మొన్ననే వచ్చింది, దేశం దాటడం ఇదే మొదటిసారి. బీచ్‌లూ షాపింగూ మాకు వద్దు. ఏదో ఒక ఊళ్ళో జనం తమ పండగ తాము చేసుకుంటుంటే పక్కన నిలబడి చూడాలి, అంతే. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఆకాశంలో లాంతర్ల ఫొటోలే, తేదీలేమో ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. అమ్మ గుడ్డు కూడా తినదు. మోకాళ్ళ నొప్పులున్నాయి, నెమ్మదిగా అయితే నడుస్తుంది. స్వయంగా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

పంచాంగం_మాస్టారు (రాజమండ్రి)

అమ్మాయ్, ముందు తేదీల గొడవ తేల్చుకో. ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు తీసి ముందర పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. ఈ కాలంలో ఆసియాలో వచ్చే పెద్ద పండగలు చాలావరకు చంద్రుణ్ణి పట్టుకునే నడుస్తాయి. చైనా, వియత్నాం, కొరియా వాళ్ళ నడి శరత్తు పండగ వాళ్ళ లెక్కలో ఎనిమిదో నెల పదిహేనో రోజు. ఈ ఏడాది అది సెప్టెంబరు 25, శుక్రవారం. మన భాద్రపద పౌర్ణమి 26న. ఒక్క రోజు తేడా ఎప్పుడూ ఉండొచ్చు, వాళ్ళది వాళ్ళ లెక్క.

పోయిన ఏడు మాత్రం అదే పండగ అక్టోబరు 6న వచ్చింది, మనకి అప్పుడు ఆశ్వయుజ పౌర్ణమి. ఎందుకంటే చైనా వాళ్ళకి అధికమాసం 2025లో పడింది, వాళ్ళ ఆరో నెల రెండుసార్లు వచ్చింది. మనకి అధిక జ్యేష్ఠం 2026లో. అందుకని పోయినేడు నెల తేడా వచ్చింది, ఈ ఏడు మళ్ళీ కలిసింది. నువ్వు చూసిన వెబ్‌సైట్లలో కొన్ని పాత తేదీలే ఉంచేసి ఉంటాయి, అందుకే పొంతన కుదరలేదు.

మిగతావి గుర్తుపెట్టుకో. భాద్రపద బహుళ పక్షం, అంటే మన మహాలయ పక్షం, కంబోడియాలో పితృదేవతల పండగ. కార్తీక పౌర్ణమి థాయిలాండ్‌లో లోయ్ క్రథోంగ్, కంబోడియాలో పడవ పందేలు. జపాన్‌లో మాత్రం చాలా పండగలు ఇంగ్లీషు తేదీలకి కట్టేశారు, వాటికి పంచాంగం పనికిరాదు.

సియోల్‌లో_సిరిసిల్ల (కొరియా)

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నేను ఇక్కడ ఆరేళ్ళుగా ఉంటున్నాను. నడి శరత్తు పండగని ఇక్కడ చుసోక్ అంటారు, ఈసారి సెప్టెంబరు 24, 25, 26 మూడు రోజులు సెలవు. అక్కా, ఒక మాట ముందే చెప్పాలి, చుసోక్ ఇంట్లో చేసుకునే పండగ. పొద్దున్నే పెద్దలకి కొత్త బియ్యంతో, పండ్లతో చార్యే అని పెడతారు, తర్వాత సమాధుల దగ్గరికి వెళ్ళి మొక్కుతారు, పండగకి కొన్ని వారాల ముందే వెళ్ళి వాటి మీది గడ్డి కోసి శుభ్రం చేసుకుంటారు. సియోల్‌లో సగం మంది సొంతూళ్ళకి వెళ్ళిపోతారు. మొదటి ఏడు నాకెవరూ చెప్పలేదు, పండగ రోజు తిండికి బయటికి వస్తే మా వీధిలో ఒక్క హోటలూ తెరిచి లేదు. పైఊళ్ళకి రైలు టికెట్లు బుకింగ్ మొదలవగానే అయిపోతాయి, కాబట్టి ఆ మూడు రోజులూ ఒకే ఊళ్ళో ఉండేలా చూసుకోవాలి.

కానీ సియోల్‌లో రాజభవనాలకి చుసోక్ సెలవుల్లో ప్రవేశం ఉచితం. రాజభవనాల్లో, యోంగిన్ దగ్గర ఉన్న జానపద గ్రామంలో హన్‌బోక్ అనే కొరియా సంప్రదాయ దుస్తులు వేసుకున్న పిల్లలు, పెద్దవాళ్ళు, పాత ఆటలు, అన్నీ ఉంటాయి. అమ్మగారికి సోంగ్‌ప్యోన్ తినిపించండి. బియ్యప్పిండిలో నువ్వులో, చిక్కుడు గింజలో పెట్టి అర్ధచంద్రం లాగా చేసి పైన్ చెట్టు ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. మన కుడుముల్ని తలుచుకుంటూ తినొచ్చు.

తంగేడు_పువ్వు (వరంగల్)

తమ్మీ, అక్కడ ఆడవాళ్ళు గుండ్రంగా తిరిగి ఆడే ఆట ఏదో ఉంటుందట కదా? మన బతుకమ్మ లెక్కనే ఉంటుందని విన్నాను. చూశావా?

సియోల్‌లో_సిరిసిల్ల

చూశానక్కా. గంగ్‌గంగ్‌సుల్లే అంటారు. నైరుతి తీరం ఊళ్ళది, హెనామ్, జిండో వైపు. పౌర్ణమి వెన్నెల్లో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళంతా "గంగ్‌గంగ్‌సుల్లే" అని అందుకుంటారు. మొదట మెల్లగా మొదలై పోనుపోను పరుగులా అవుతుంది. 2009లో యునెస్కో జాబితాలో చేరింది. మొదటిసారి చూసినప్పుడు ఆ ఎత్తుకోవడం, అందుకోవడం వింటుంటే మా అమ్మ "ఒక్కేసి పువ్వేసి చందమామ" అంటున్నట్టే అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తేడా కూడా ఉంది. మనం మధ్యలో పూల బతుకమ్మని పెట్టుకుని చప్పట్లు కొడతాం, వాళ్ళకి నడుమ ఏమీ ఉండదు, చేతులు వదలరు.

హాంకాంగ్_పిన్ని (హాంకాంగ్)

వెన్నెలా, సెప్టెంబరు 25 అనుకుంటే మా ఊరు కూడా చూడమ్మా. తాయ్ హాంగ్ అని పాత పేట ఉంది, తిన్ హౌ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అక్కడ నడి శరత్తు పండగ రాత్రుల్లో అగ్ని నాగం ఆడుతుంది. 67 మీటర్ల పొడవు, గడ్డితో కట్టి ఒళ్ళంతా వెలిగించిన అగరొత్తులు గుచ్చుతారు. 1880లో ఆ ఊళ్ళో అంటురోగం వచ్చినప్పుడు దాన్ని తరిమెయ్యడానికి మొదలుపెట్టారని చెప్తారు. పేటలో కుర్రాళ్ళే మోస్తారు. సన్నటి సందుల్లో ఆ పొగ, ఆ నిప్పు, డప్పులు, ఎంత చెప్పినా తక్కువే.

అమ్మగారి సంగతి చెప్పావు కాబట్టి నిజం చెప్తాను. జనం విపరీతం, కూర్చోడానికి చోటు ఉండదు, పొగ కళ్ళకి పడదు. మీరు సాయంత్రం విక్టోరియా పార్కులో లాంతర్లు చూసుకుని, నాగాన్ని దూరం నుంచే చూడండి. ఇంకొకటి, ఈ పండగకి తినే మిఠాయి మూన్‌కేకుల్లో చాలావాటిలో పంది కొవ్వు వేస్తారు, లోపల బాతుగుడ్డు పచ్చసొన ఉంటుంది. పైకి చూస్తే మన కజ్జికాయ లోపలి పూర్ణంలాగే ఉంటుంది కాబట్టి ఎవరైనా ప్రేమగా పెడితే తినేస్తారు. శాకాహారపు మూన్‌కేకులు వేరుగా దొరుకుతాయి, పెట్టె మీద చదివించుకుని కొనండి.

కోనసీమ_కొబ్బరాకు (అమలాపురం)

మీరు లాంతర్ల ఫొటోలు అన్నారు కదా, నేను ఆ ఫొటోలు చూసే థాయిలాండ్‌లో చియాంగ్ మాయ్ వెళ్ళాను. యీ పెంగ్ అంటారు, అక్కడి లన్నా, అంటే ఉత్తర థాయిలాండ్ వాళ్ళ పాత లెక్కలో రెండో నెల పౌర్ణమి. ఆకాశంలోకి వదిలేవి ఖోమ్ లోయ్. అసలు సంగతేంటంటే ఊళ్ళో ఎక్కడ పడితే అక్కడ వదలనివ్వరు, నిబంధనలున్నాయి, ఆ రాత్రుల్లో విమానాలు కూడా కొన్ని రద్దు చేస్తారు, కొన్నిటి వేళలు మారుస్తారు. ఫొటోల్లో వేల లాంతర్లు ఒకేసారి లేచేవి ఎక్కువగా ఊరి బయట టికెట్టు పెట్టి చేసేవి. నేను ఒక ఏజెన్సీకి డబ్బు కట్టి వెళ్ళాను, కుర్చీలు వేసి మైకులో లెక్కపెట్టించి వదిలించారు. చుట్టూ అందరూ నాలాంటి యాత్రికులే, ఆ ఊరివాళ్ళు ఒక్కరూ లేరు. మనసుకి కష్టమనిపించింది.

మర్నాడు సాయంత్రం పింగ్ నది ఒడ్డుకి వెళ్ళాను, నవరత్ వంతెన దగ్గర. అక్కడ పండగ కనిపించింది. అరటి బోదె చక్కలా కోసి, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, మధ్యలో పూలు, కొవ్వొత్తి, మూడు అగరొత్తులు. ముసలావిడ ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని నుదుటికి ఆనించుకుని నీళ్ళలోకి వదిలింది. క్రథోంగ్ అంటే ఆకుదొప్ప అట, లోయ్ అంటే తేలడం. కార్తీక పౌర్ణమికి మా గౌతమి పాయలో మేం వదిలే అరటి దొప్ప దీపం గుర్తొచ్చి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఒక క్రథోంగ్ కొనుక్కుని మా నాన్నని తలుచుకుని వదిలాను.

ఈ ఏడు కార్తీక పౌర్ణమి నవంబరు 24. అటూఇటూ ఒక రోజు చూసుకోండి. థర్మాకోల్‌తో చేసినవి కొనకండి, నదికి చేటు.

గోల్కొండ_గాలి (హైదరాబాద్)

చూశారా, అన్నీ మన దగ్గర్నుంచి వెళ్ళినవే. కార్తీక దీపమే అక్కడ లోయ్ క్రథోంగ్ అయింది. ఇంట్లో ఉన్నదాన్ని చూడ్డానికి అంత దూరం ఎందుకు?

మెకాంగ్_గట్టు (నెల్లూరు)

గోల్కొండ గారూ, ఈ మాట నేను ఒప్పుకోను. రెండేళ్ళు కంబోడియాలో పని చేశాను, అక్కడి స్నేహితులతో ఈ మాట అని చూశాను, వాళ్ళు నొచ్చుకున్నారు, నాకూ తర్వాత తప్పనిపించింది. పేర్లలో సంస్కృతం, పాళీ కనిపిస్తాయి, నిజమే. నెలల పేర్లు కూడా పోల్చుకోవచ్చు, భాద్రపదాన్ని వాళ్ళు ఫొత్రొబొత్ అంటారు, కార్తీకాన్ని కదెక్ అంటారు. అంతమాత్రాన పండగ మనది అయిపోదు. కార్తీక పౌర్ణమికి రాజధాని నమ్‌పెన్‌లో జరిగే పడవ పందేల సంగతే తీసుకోండి. వానాకాలంలో మెకాంగ్ పొంగి తోన్లే సాప్ నది వెనక్కి పారుతుంది, ఆ నీళ్ళతో పెద్ద సరస్సు నిండుతుంది. వానలు తగ్గాక నది మళ్ళీ దిశ మార్చుకుని సముద్రం వైపు పారుతుంది. చేపలూ పంటలూ అన్నీ ఆ నీటి మీదే. ఆ నది తిరిగిన వేళ చేసుకునే పండగ అది. ఆ నదిలేని చోట ఆ పండగ పుట్టదు. మనది ఒకటి కనిపించగానే అక్కడ ఆగిపోతే మిగతాది చూడకుండానే తిరిగొచ్చేస్తాం.

గోల్కొండ_గాలి

నది వెనక్కి పారుతుందని నాకు తెలియదండీ. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఖర్చు తక్కువలో ఒకటి చెప్తాను మరి. మన ఊళ్ళో గణేశ్ నిమజ్జనం జరిగే అనంత చతుర్దశి రోజునే కాఠ్మాండూలో ఇంద్ర జాత్రలో కుమారి రథం లాగుతారు. ఇంద్రుడి పేరు మీద పెద్ద మాను నిలబెడతారు, చిన్న అమ్మాయిని జీవదేవతగా రథంలో కూర్చోబెట్టి పాత నగరంలో తిప్పుతారు. మనకి వీసా అక్కర్లేదు. కానీ దసరా రోజుల్లో మాత్రం వెళ్ళకండి, ఊరంతా పెద్దవాళ్ళ చేత నుదుట టీకా, అంటే బొట్టు, పెట్టించుకోవడానికి సొంతూళ్ళకి పోతుంది, దుకాణాలు మూసేస్తారు.

తంగేడు_పువ్వు

నేను జపాన్‌లో తకయామా చూశాను, 2023లో. అక్టోబరు 9, 10 తేదీలు, ఏటా అవే. కొండల మధ్య చిన్న ఊరు. యతాయ్ అని చెక్క రథాలు, శరత్కాలం పండగకి 11. లక్క పూత, బంగారు పని, నేత తెరలు, ఒక్కో పేటకి ఒక్కో రథం. హోతెయ్ రథం మీద దారాలతో ఆడించే బొమ్మలు ఉంటాయి, ఆ బొమ్మలు ఊయల పట్టుకుని ఒకదాన్నుంచి ఒకదానికి ఎగురుతాయి, తాళ్ళు లాగేవాళ్ళు లోపలెక్కడో కనబడకుండా ఉంటారు. తోలుబొమ్మలాట ఆడే ఊళ్ళో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఆ చేతుల మీదే ధ్యాస పోయింది. తొమ్మిదో తేదీ రాత్రి రథాల చుట్టూ కాగితపు లాంతర్లు వెలిగించి వీధుల్లో తిప్పుతారు, అది తప్పకుండా చూడాలి.

వాన పడితే రథాలు బయటికి రావు, అది రాసిపెట్టుకోండి. నేను వెళ్ళినప్పుడు తొమ్మిదిన పొద్దంతా వాన. అంత దూరం పోయి ఖాళీ వీధి చూసుకుంటూ నిలబడ్డాను. పదిన ఎండ కాసింది కాబట్టి దక్కింది. గదులు ఊళ్ళో దొరకవు, నేను నగోయా నుంచి రైల్లో రెండున్నర గంటలు వచ్చిపోయాను. తిండి కష్టం, కూరగాయల పులుసులో కూడా చేపల రసం ఉంటుంది. అమ్మగారికి అటుకులు, పొడులు మూటకట్టుకుని పోవాలి.

పంచాంగం_మాస్టారు

శాకాహారం అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. థాయిలాండ్ ఫుకెట్‌లో తొమ్మిది రోజుల శాకాహార పండగ ఉంది, చైనా మూలాల వాళ్ళు చేసుకునేది. వాళ్ళ తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు. ఈ ఏడు మన దేవీ నవరాత్రులతో దాదాపు కలుస్తుంది, అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. పసుపు జెండా కట్టిన ప్రతి బండి దగ్గరా మాంసం, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేని వంట. మా అక్క కొడుకు వెళ్ళొచ్చి, పది రోజులు హాయిగా తిన్నానన్నాడు. అయితే ఊరేగింపుల్లో బుగ్గలకి శూలాలు గుచ్చుకుంటారు, టపాకాయలు మీద పడతాయి. మీ అమ్మగారు చూడగలరో లేదో మీరే ఆలోచించుకోండి.

వెన్నెల_బాట

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. రాత్రి అన్నీ అమ్మకి చదివి వినిపించాను. శూలాలు అనగానే వద్దంది. బొమ్మల రథాలు నచ్చాయి గానీ వాన సంగతి విని ఆలోచనలో పడింది. మాస్టారు గారు మొదట్లో రాసిన కంబోడియా పితృదేవతల పండగ దగ్గర మాత్రం ఆగి, "అదేంటో అడుగు" అంది. నాన్నగారు పోయి రెండేళ్ళయింది. మెకాంగ్ అన్నయ్యా, వివరంగా చెప్తారా?

మెకాంగ్_గట్టు

తప్పకుండా చెల్లెమ్మా.

ప్చుమ్ బెన్ అంటారు. ప్చుమ్ అంటే కూడడం, బెన్ అంటే పిండం, ఆ మాట పిండం నుంచి వచ్చిందే. పదిహేను రోజులు. ఆ రోజుల్లో ప్రేతలకి దారి తెరుచుకుంటుందని, తమవాళ్ళని వెతుక్కుంటూ గుళ్ళకి వస్తారని వాళ్ళ నమ్మకం. ఏడు గుళ్ళు తిరిగినా తన పేరు చెప్పి పెట్టినవాళ్ళు కనబడకపోతే ఆ ప్రేత ఉసూరుమంటుందని పెద్దవాళ్ళు చెప్తారు. అందుకని ఎంత పేదవాళ్ళైనా ఏదో ఒక గుడికి వెళ్ళకుండా ఉండరు.

తెల్లవారుజామున నాలుగింటికి మా ఇంటి యజమానురాలు నన్ను లేపి తీసుకెళ్ళింది. చీకటి. జిగురు బియ్యం అన్నంలో నువ్వులు కలిపి చేసిన ముద్దలు పళ్ళెంలో. చెప్పులు విప్పి, విహారం చుట్టూ మూడుసార్లు తిరుగుతూ ఆ ముద్దల్ని చీకట్లోకి విసురుతారు. వెలుతురంటే ప్రేతలకి భయమట, నోరు సూది బెజ్జమంత ఉంటుందట, అందుకే చీకటి, అందుకే చిన్న ముద్దలు. లోపల భిక్షువులు పాళీలో చదువుతుంటారు. ఆవిడ తిరిగినంతసేపూ పేర్లు చెప్తూనే ఉంది, తండ్రి, ఇద్దరు అన్నలు, ఒక మేనమామ. 1975 నుంచి 79 దాకా కంబోడియాని ఏలిన ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల కాలంలో పోయినవాళ్ళు. వాళ్ళు ఎక్కడ పోయారో, ఏ రోజు పోయారో ఆమెకి తెలియదు. తిథి తెలియనివాళ్ళకి ఈ పదిహేను రోజులే దిక్కు. నేను పక్కన నడిచాను, ఒక్క మాట మాట్లాడలేదు.

ఆఖరి మూడు రోజులు సెలవులు, నమ్‌పెన్ ఖాళీ, బస్సుల ధరలు పెరుగుతాయి. అందుకని ఆఖర్న వెళ్ళొద్దు. మొదటి పధ్నాలుగు రోజులూ రోజుకొక జట్టు కుటుంబాలు వంతు తీసుకుని గుడికి వంట చేస్తాయి, ఆ రోజుల్లో గుళ్ళు తీరిగ్గా ఉంటాయి, మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. సీయెమ్ రీప్‌లో వాట్ బో, నమ్‌పెన్‌లో వాట్ లంకా అలాంటివి. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, తెల్ల బట్టలైతే మంచిది. ఫోన్ లైటు, ఫ్లాష్ అస్సలు వద్దు.

వెన్నెల_బాట

చదువుతుంటే అమ్మ ఏడ్చింది. కాసేపయ్యాక, వెళ్దాం అంది. కానీ నాన్న తిథి ఏకాదశి, అన్నయ్య ఇక్కడ తద్దినం పెడతాడు, ఆ రోజుకి అమ్మ ఇంట్లో ఉండాలి. ఎంగిలిపూల బతుకమ్మకి కూడా ఇంట్లో ఉండాలట. కుదురుతుందా మాస్టారూ?

పంచాంగం_మాస్టారు

కుదురుతుందమ్మా. బహుళ పాడ్యమి సెప్టెంబరు 27. ఏకాదశి అక్టోబరు 6. మహాలయ అమావాస్య అక్టోబరు 10, ఎంగిలిపూలు ఆ రోజే. 28న బయల్దేరి 4కల్లా ఇంట్లో ఉంటే, ఒక రోజు విశ్రాంతి తీసుకుని తద్దినం పనులు చూసుకోవచ్చు. మీ పురోహితుణ్ణి కూడా ఒకసారి అడుగు, తిథి తగులు మిగులు ఆయన చూస్తారు.

మెకాంగ్_గట్టు

సరిగ్గా సరిపోతుంది. వానలు ఇంకా ఉంటాయి, సాయంత్రాలు గొడుగు లేకుండా బయటికి రాకండి. నమ్‌పెన్ వద్దు, ఒక్క సీయెమ్ రీప్‌లోనే ఆరు రోజులు ఉండండి, అమ్మగారికి తిరుగుడు తగ్గుతుంది. అంగ్కోర్ వాట్ పై అంతస్తు మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, అవి ఎక్కించకండి, కింద గోడల మీద క్షీరసాగర మథనం శిల్పం ఉంది, తూర్పు వైపు, దాదాపు 49 మీటర్ల పొడవు, ఆవిడ దాని ముందు గంట నిలబడతారు. తిండిలో ప్రహోక్ అని ఊరబెట్టిన చేప, చేప సాసు అన్నిట్లో పడతాయి, చైనీస్ శాకాహార హోటళ్ళు, భారతీయ హోటళ్ళు ఉన్నాయి, వాటితో గడిచిపోతుంది. మిగతాది అటుకులు.

ఇంకోటి. గుడికి ఉత్త చేతులతో వెళ్ళకండి. ఒక కిలో బియ్యం, నాలుగు అగరొత్తుల కట్టలు చాలు. అక్కడివాళ్ళు మీ నాన్నగారి పేరు కూడా అడుగుతారు, భిక్షువులు చదివే జాబితాలో రాయిస్తారు. నా విషయంలో అలాగే చేశారు, మా తాతగారి పేరు ఖ్మేర్ లిపిలో రాసి చదివారు.

కోనసీమ_కొబ్బరాకు

వెళ్ళొచ్చాక రాయడం మరచిపోకండి. ఫొటోలు లేకపోయినా పర్వాలేదు.

వెన్నెల_బాట

తప్పకుండా రాస్తాను. టికెట్లు బ్యాంకాక్ మీదుగా చూస్తున్నాను. అమ్మ అప్పుడే నువ్వులు వేయించి డబ్బాలో పోసింది, అక్కడ దొరుకుతాయమ్మా అంటే వినట్లేదు. మెకాంగ్ అన్నయ్యా, మనం తెచ్చిన నువ్వులు ఆ ముద్దల్లో కలపనిస్తారా?

మెకాంగ్_గట్టు

ముందు రోజు సాయంత్రం గుడికి వెళ్ళి, వంట చేసే ఆడవాళ్ళ దగ్గర కూర్చోమనండి. అడగక్కర్లేదు, డబ్బా మూత తీసి చూపిస్తే వాళ్ళకి అర్థమవుతుంది.